గంట కొట్టేలోపు ఏం చేయగలగాలి? తరగతికి పనికొచ్చే బోధనా లక్ష్యాలు రాయడం, వాడటం

"విద్యార్థులు భిన్నాల సంకలనాన్ని అవగాహన చేసుకుంటారు."

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఏ బడికి పోయి పీరియడ్ ప్లాన్ తెరిచినా ఇలాంటి వాక్యం ఒకటి కనబడుతుంది. కోరిక మంచిదే. కానీ గంట కొట్టేసరికి తరగతిలోని 40 మందిలో అవగాహన ఎవరికి కుదిరిందో, ఎవరికి కుదరలేదో ఈ వాక్యాన్ని పట్టుకుని తేల్చడం కుదరదు. అవగాహన లోపల జరిగేది. టీచరు కంటికి కనిపించేది పిల్లలు చెప్పేది, రాసేది, గీసేది, చేసేది మాత్రమే.

అదే పాఠానికి ఇంకో వాక్యం చూడండి: "హారాలు వేరువేరుగా ఉన్న రెండు భిన్నాలను, హారాలు 12 లోపు ఉన్నప్పుడు, బొమ్మ సాయం లేకుండా కూడతారు. ఐదు లెక్కల్లో నాలుగు సరిగ్గా చేస్తారు." ఇది చదివితే చివరి ఐదు నిమిషాల్లో బోర్డు మీద ఏం రాయాలో తెలిసిపోతుంది. పాఠంలో ఎక్కడ బొమ్మలు వాడాలో, ఎక్కడ బొమ్మలు తీసేయాలో తెలుస్తుంది. ఎవరు ఆగిపోయారో రాత్రికల్లా తెలుస్తుంది. లక్ష్యం అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు చూపించే వాక్యంగా మిగిలిపోతే అది రాసిన శ్రమంతా వృథా. పాఠం చెప్పేవాళ్లకు రేపు ఏం చేయాలో చెప్పగలిగినప్పుడే దానికి విలువ.

ఉద్దేశం, ఫలితం, లక్ష్యం

ఈ మూడు మాటలు మన దగ్గర కలగాపులగం అయిపోయాయి. గణితం ఎందుకు నేర్పుతున్నాం అనేది ఉద్దేశం. అది ఏళ్ల తరబడి సాగేది. తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు ఏం రావాలి అనేది అభ్యసన ఫలితం. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్సీఈఆర్టీ) 2017లో ఎలిమెంటరీ స్థాయికి తరగతివారీగా ఇచ్చినవి ఈ కోవలోవి. ఒక పీరియడ్‌లో, మహా అయితే రెండు పీరియడ్లలో, చేతికి అందేది బోధనా లక్ష్యం. బీఎడ్‌లో "లక్ష్యాలు, స్పష్టీకరణలు" అని రెండు గళ్లు గీయించేవారు గుర్తుందా? మొదటి గడిలో జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అని రాసి, రెండో గడిలో పిల్లవాడు ఏం చేస్తాడో రాయించేవారు. చాలామంది మొదటి గడిని శ్రద్ధగా నింపి, రెండో గడిని గైడులో చూసి ఎక్కించేవారు. పనికొచ్చేది రెండో గడే. ఇక్కడ లక్ష్యం అంటున్నది దాన్నే.

అభ్యసన ఫలితాన్ని యథాతథంగా పీరియడ్ ప్లాన్‌లోకి ఎక్కించడం తరచుగా జరిగే పొరపాటు. ఆరో తరగతి గణితంలో ఒక ఫలితం ఉంది: నిత్యజీవిత సందర్భాల్లో భిన్నాలు, దశాంశాల కూడిక, తీసివేతలతో వచ్చే సమస్యలను సాధిస్తారు. ఇది ఒక్క పీరియడ్‌లో అయ్యే పని కాదు. భిన్నాల వరకే తీసుకుని విడదీస్తే ఇలా వస్తుంది. ముందు సమాన హారాలున్న భిన్నాలను కాగితపు పట్టీలతో కూడటం. తర్వాత ఒక భిన్నానికి మూడు సమాన భిన్నాలు రాయడం. ఆపైన ఒక హారం రెండోదానికి గుణిజమైనప్పుడు కూడటం, రెండు హారాలకూ అలాంటి సంబంధం లేనప్పుడు కూడటం. అపక్రమ భిన్నాన్ని మిశ్రమ భిన్నంగా, మిశ్రమాన్ని అపక్రమంగా మార్చడం. మిశ్రమ భిన్నాలను కూడటం. భిన్న భాగం చాలక పూర్ణాంకం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత, అంటే మూడుంపావు లోంచి ఒకటిన్నర తీయడం లాంటిది. రాతలెక్క చదివి కూడాలో తీసేయాలో నిర్ణయించడం. చివరికి రెండు మెట్ల రాతలెక్క.

మొత్తం తొమ్మిది. ఒక్కోదానికి ఒక పీరియడ్ వేసుకున్నా, మూడోదానికీ నాలుగోదానికీ మధ్య, ఏడోదాని దగ్గర ఇంకో రోజు పడుతుంది. యూనిట్ ప్లాన్ రాసేటప్పుడే ఈ విడదీత చేసుకోవాలి. పీరియడ్ ప్లాన్ రాసే రోజు కూర్చుని చేయబోతే టైము చాలదు, ఏదో ఒక మెట్టు జారిపోతుంది. ఎక్కువసార్లు జారేది సమాన భిన్నాల మెట్టే. అది ఐదో తరగతిలోనే వచ్చేసి ఉంటుందని అనుకోవడం వల్ల అలా జరుగుతుంది.

ముందు ప్రశ్న రాయండి, తర్వాత లక్ష్యం

లక్ష్యం రాయడానికి కూర్చున్నప్పుడు పాఠ్యపుస్తకం మూసేయండి. పీరియడ్ చివర పిల్లలకు ఇచ్చే ప్రశ్న ఏదో మొదట రాసుకోండి. ఏ జవాబు వస్తే ఒప్పుకుంటారో కూడా పక్కన రాయండి. ఆ ప్రశ్ననూ జవాబునూ కలిపి ఒక వాక్యంగా మారిస్తే అదే లక్ష్యం. ఈ వరసలో చేస్తే పది నిమిషాల పని. లక్ష్యం ముందు రాసి ప్రశ్న తర్వాత వెతుక్కుంటే ప్రశ్న లక్ష్యానికి దూరంగా పోతుంది. తరగతిలో "గుర్తించడం" నేర్పి, స్లిప్ టెస్టులో "కారణం రాయండి" అని అడిగే పొరపాటు ఇక్కడే పుడుతుంది. పిల్లలకు మార్కులు రావు, పాఠం రాలేదని మనం అనుకుంటాం. అసలు ఆ పని మనం నేర్పనే లేదు.

ప్రశ్న ఎంచుకోవడంలో మెళకువ ఉంది. వేరువేరు హారాలు కూడే పాఠానికి చివరి ప్రశ్నగా 1/2 + 1/4 ఇవ్వకండి. అర, పావు కలిస్తే ముప్పావు అని పిల్లలకు అంగట్లోనే తెలుసు. పద్ధతి రాకపోయినా జవాబు సరిగ్గా రాసేస్తారు. ఆ లెక్క పాఠం మొదలుపెట్టడానికి బంగారం లాంటిది, పరీక్షించడానికి మాత్రం పనికిరాదు. 1/3 + 1/4 ఇవ్వండి. ఈ లెక్కలో ఒక్కో తప్పు దారికి ఒక్కో జవాబు వస్తుంది. ఎక్కడ తప్పారో జవాబు చూస్తేనే తెలుస్తుంది.

వాక్యంలో ఉండాల్సినవి మూడు అని 1962లో అమెరికాకు చెందిన రాబర్ట్ మేగర్ చెప్పాడు. పిల్లవాడు చేసే పని, ఏ పరిస్థితిలో చేస్తాడు, ఎంత బాగా చేస్తే చాలు. చాలామంది దీనికి "ఎవరు" అన్నది చేర్చి నాలుగు చేస్తారు. మన తరగతుల్లో ఎవరు అన్నది ఎటూ తెలిసిందే కాబట్టి మూడు చాలు, ఒకే గదిలో రెండు మూడు తరగతులున్న బడిలో తప్ప.

క్రియ దగ్గరే చిక్కంతా

తెలుసుకుంటారు, అర్థం చేసుకుంటారు, గ్రహిస్తారు, పరిచయం పొందుతారు, అభినందిస్తారు. ఇవన్నీ కంటికి కనిపించని క్రియలు. చెబుతారు, రాస్తారు, గీస్తారు, లెక్కిస్తారు, వేరు చేస్తారు, వరసలో పెడతారు, కొలుస్తారు, తప్పు పట్టుకుని సరిచేస్తారు. ఇవి కనిపిస్తాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తెలుగులో రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి, వాటి గురించి శిక్షణల్లో పెద్దగా చెప్పరు.

"గుర్తిస్తారు" అన్న మాటకు మనకు రెండు అర్థాలు. మనసులో ఆనవాలు పట్టడం ఒకటి, పటం మీద గుర్తు పెట్టడం ఇంకొకటి. "తుంగభద్రను గుర్తిస్తారు" అని రాస్తే ఏది? "రాయలసీమ ఖాళీ పటంలో తుంగభద్ర మీద నీలిరంగు గీత గీస్తారు" అని రాస్తే సందేహం ఉండదు. "వివరిస్తారు" అన్నదీ అంతే. నోటితోనా, రాతతోనా, ఎన్ని వాక్యాల్లో? "చర్చిస్తారు", "ప్రయోగం చేస్తారు", "పాల్గొంటారు" అనేవి కృత్యాలు. చర్చించాక చేతికి ఏం వచ్చిందన్నది లక్ష్యం. ఇక "వివరించుట", "తెలియజేయుట" అని రాస్తే ఆ పని చేసేది టీచరు అవుతుంది. పాత గైడుల్లో ఈ "-ట" ముగింపు విపరీతంగా ఉంటుంది. అది కనబడితే వాక్యం మొత్తం తిరగరాయాల్సిందే.

ఒకే వాక్యంలో "గుర్తించి, పోల్చి, వివరించి, అన్వయిస్తారు" అని నాలుగు క్రియలు గుచ్చకండి. మొదటి మూడూ వచ్చి నాలుగోది రాని పిల్లవాడు లక్ష్యం సాధించినట్టా కాదా? రెండు పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే కలిపి రాయవచ్చు. తర్వాత వచ్చే సైన్సు పాఠంలో పొడిని వేరు చేసి, దానికి ఆధారం రాయడం లాంటిది. లేదంటే విడివిడిగా రాయాలి. ఒక పీరియడ్‌కు ఒక లక్ష్యం మేలు, రెండు దాటకూడదు. ఐదు రాసిన ప్లాన్ చూస్తే, అందులో మూడు పాఠంలోకి రానే రావని పందెం కట్టవచ్చు.

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో చేసిన బోధనా లక్ష్యాల వర్గీకరణ, 2001లో దాన్ని క్రియలుగా మార్చిన సవరణ అందరికీ తెలిసినవే: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృజించడం. ప్రతి పీరియడ్‌లో ఆరూ ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. యూనిట్ మొత్తం మీద ఎక్కడెక్కడ ఏ మెట్టు ఉందో చూసుకోవడానికి అది పనికొస్తుంది. పై మెట్టు క్రియ వాడినంత మాత్రాన పని పై మెట్టుది అయిపోదు. "కారణాలను విశ్లేషిస్తారు" అని రాసి, నోట్సులో ఇచ్చిన ఐదు కారణాలనే అప్పజెప్పించుకుంటే అది జ్ఞాపకశక్తి పరీక్ష. పిల్లలు అంతకుముందు చూడని సందర్భం ఇస్తేనే విశ్లేషణ అవుతుంది.

ఒక సైన్సు పాఠం, దగ్గరగా

కార్బొనేట్లతో ఆమ్లాల చర్య పాఠం తీసుకుందాం. ప్లాన్‌లో మామూలుగా ఉండే వాక్యం: "ఆమ్లాలు కార్బొనేట్లతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తాయని తెలుసుకుంటారు." ఆ మాట పుస్తకంలోనే ఉంది, చదివి చెప్పేస్తారు. చివరి ప్రశ్న నుంచి మొదలుపెడితే ఇలా వస్తుంది: పేర్లు లేని మూడు పొట్లాలిచ్చి, ఇందులో కార్బొనేటు ఏది, ఎలా చెప్పగలరు అని అడుగుతాం. అప్పుడు లక్ష్యం: "విలీన హైడ్రోక్లోరికామ్లం, సున్నపు తేట ఇచ్చినప్పుడు, మూడు తెలియని పొడుల్లో కార్బొనేటును జట్టుగా వేరు చేసి, దానికి రెండు ఆధారాలు ఎవరికి వారు నోటు పుస్తకంలో రాస్తారు."

"జట్టుగా", "ఎవరికి వారు" అన్న మాటలు చూడండి. ప్రయోగం ఐదారుగురు కలిసి చేస్తారు. జట్టులో ఒకరికి తెలిస్తే అందరూ అదే చెబుతారు. ఆధారాలు విడిగా రాయించకపోతే ఆ ఒక్కరి జవాబునే ఆరుసార్లు వింటాం.

పొడులకు వెతుక్కునే పని లేదు. కడప బండ సున్నపురాయే. ఇల్లు కట్టేచోట పారేసిన ముక్క ఒకటి తెచ్చి మెత్తగా దంచితే కార్బొనేటు సిద్ధం. ముక్క మీద నేరుగా చుక్క వేస్తే బుడగలు సన్నగా వస్తాయి, వెనక బెంచీలవాళ్లకు కనబడవు. అందుకే పొడి కావాలి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజు మిగిలే పెంకులూ కాల్షియం కార్బొనేటే. కడిగి, ఆరబెట్టి, లోపలి పొర తీసేసి దంచాలి. మిగతా రెండు పొట్లాల్లో ఉప్పు, చక్కెర పెట్టండి. చాక్‌పీసు పొడి కార్బొనేటే కదా అని తెస్తే బుడగలు రాకపోవచ్చు, ఇప్పుడు చాక్‌పీసులు ఎక్కువగా జిప్సంతో చేస్తున్నారు. సున్నపు తేట అప్పటికప్పుడు తేర్చుకోవాలి. మూత తీసి పెట్టిన పాత తేట గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పని చేయదు. వాయువును మరీ ఎక్కువసేపు పంపితే పాలలా మారిన తేట మళ్లీ తేరుకుంటుంది. అప్పుడు పిల్లలు "రాలేదు" అని రాస్తారు, ఆ తప్పు వాళ్లది కాదు. ఆమ్లాన్ని టీచరే ఇంటి దగ్గరో ల్యాబులోనో పలచన చేసి తేవాలి, నీళ్లలో ఆమ్లం పోయాలి తప్ప ఆమ్లంలో నీళ్లు పోయకూడదు.

ఈ పాఠంలో "బుడగలు వచ్చాయి" అన్న ఒక్క ఆధారంతో ఆగిపోయేవాళ్లు ఎక్కువ. బుడగలు ఏ వాయువు వచ్చినా వస్తాయి. జింకు ముక్క వేసినా వస్తాయి. ఆ వాయువు సున్నపు తేటను పాలలా మార్చడం రెండో ఆధారం. రెండు ఆధారాలు అని లక్ష్యంలోనే రాయడం ఇందుకే. లక్ష్యం అందుకున్న పిల్లలకు బెలుం గుహల ప్రశ్న ఇవ్వండి: కార్బన్ డయాక్సైడ్ కరిగిన వాననీరు సున్నపురాతి పగుళ్లలో వేల ఏళ్లు పారితే ఏమవుతుంది? గుహలు చూడటానికి పోయి వచ్చిన పిల్లలు చాలామందే ఉంటారు. చూసినదానికి కారణం రాయడం వాళ్లకు నిజమైన అన్వయం.

పరిస్థితి, కొలత

పరిస్థితి అంటే ఏం దగ్గర పెట్టుకుని చేయాలి, ఏం లేకుండా చేయాలి అన్నది. అట్లాసు చూసి గుర్తు పెట్టడం ఒక పని, చూడకుండా పెట్టడం ఇంకో పని. రుతుపవనాల పాఠంలో లక్ష్యం ఇలా ఉండవచ్చు: "పశ్చిమ కనుమలు మాత్రమే గీసి ఉన్న పటంలో నైరుతి గాలుల దిశను బాణాలతో చూపి, అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతంలో ఎందుకు పడుతుందో మూడు వాక్యాల్లో కారణం రాస్తారు." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా అది. చెనిక్కాయ పంట ఎండిపోవడం చూసిన పిల్లలకు కారణం తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటుంది. చాలామంది "చెట్లు కొట్టేశారు కాబట్టి" అని రాస్తారు. బాణాలు గీయమన్న షరతు పెడితే ఆ జవాబు పటం మీద నిలబడదు, పిల్లలే తడుముకుంటారు. షరతు సరిగ్గా ఎంచుకుంటే పొరపాటు ఆలోచన బయటపడుతుంది.

కొలత విషయంలో "80 శాతం" అని గుడ్డిగా రాసేయడం అలవాటైపోయింది. ఒక్క లెక్క ఇచ్చి 80 శాతం ఎలా కొలుస్తారు? లెక్కల్లో ఐదింటికి నాలుగు అంటే అర్థం ఉంది. ఒకటి తొందరలో తప్పినా పద్ధతి వచ్చిందో లేదో నాలుగు చెబుతాయి. రెండే ఇస్తే తొందరపాటుకూ తెలియనితనానికీ తేడా తెలియదు. గురులఘువులు గుర్తించడం, ఎక్కాలు, ఆమ్లం పోసే జాగ్రత్తలు లాంటివాటికి అయిదుకు అయిదూ రావాలి. ఎందుకంటే తర్వాతి పని మొత్తం వాటి మీద నిలబడుతుంది.

తెలుగు పాఠం నుంచి ఒక ఉదాహరణ. ఆటవెలది నేర్పడానికి వేమన పద్యాలకు కొదవ లేదు. లక్ష్యం: "చదవని ఆటవెలది పద్యం ఇచ్చినప్పుడు, మొదటి రెండు పాదాలకు గురులఘువులు పెట్టి, గణాలు విడదీసి, యతి అక్షరాన్ని సున్నా చుట్టి చూపుతారు." మొదటి పాదంలో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు; రెండో పాదంలో ఐదూ సూర్య గణాలే; యతి నాలుగో గణం మొదటి అక్షరం. రెండు పాదాలు అడగడం ఇందుకే, ఒక్క పాదంతో తేడా బయటపడదు. ఈ పాఠం ఎక్కడ చెడుతుందంటే గణాల దగ్గర కాదు, అంతకు ముందే. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న సంగతి మరిచి, సంయుక్తాక్షరాన్నే గురువుగా పెడతారు. అక్కడి నుంచి పాదమంతా తప్పుతుంది. కాబట్టి గురులఘువులకు ముందురోజు ఒక విడి లక్ష్యం, పది మాటలతో, పదికి పది వచ్చేలా పెట్టుకోండి. "చదవని" అన్న మాట తీసేస్తే మాత్రం గైడులో విడదీసి ఉన్న పద్యాన్నే బట్టీ పట్టి వస్తారు.

పద్యం మీద ఇష్టం కలగడం, నీతిని జీవితంలో పాటించడం లాంటివాటిని పీరియడ్ లక్ష్యాల్లో పెట్టవద్దు. అవి కావాలి, కానీ 45 నిమిషాల్లో కొలిచేవి కావు. యూనిట్ ఉద్దేశంలో రాసుకోండి.

తరగతిలో వాడేది ఇలా

బోర్డు ఎడమ పక్క పైమూల లక్ష్యానికి కేటాయించి పీరియడ్ అంతా చెరపకుండా ఉంచండి. అక్కడ ప్లాన్‌లోని వాక్యం కాదు, పిల్లల మాటల్లో ఒక వాక్యం రాయాలి: "ఈ గంట అయ్యేసరికి హారాలు వేరైనా భిన్నాలు కూడగలను." రెండు నిమిషాలు చాలు. నోట్సులో రాయించకండి. ఐదు నిమిషాలు పోతాయి, పిల్లలు అక్షరాలు చూస్తారు తప్ప అర్థం చూడరు. పిల్లలు తామే కనుక్కోవాల్సిన పాఠమైతే లక్ష్యం ముందే చెబితే రుచి పోతుంది. అప్పుడు ఆ మూలలో ప్రశ్న రాయండి: "మూడు పొట్లాల్లో సున్నపురాయి ఏది?"

పాఠం సగానికి వచ్చినప్పుడు ఒకసారి ఆగి చూడాలి. "అర్థమైందా?" అని అడిగితే "అయ్యింది సార్" అని తరగతంతా పాడుతుంది. అందులోంచి ఏమీ తెలియదు. ఒక చిన్న లెక్క బోర్డు మీద వేసి, మూడు జవాబులు రాసి, వేళ్లతో ఒకటో రెండో మూడో చూపించమనండి. చిన్న తరగతుల్లో పలకలు ఎత్తించండి. సగం మంది తప్పు చూపితే కొత్త ఉదాహరణలోకి పోవద్దు. ఇద్దరు ముగ్గురే తప్పితే పాఠం సాగించి, జట్టుపని ఇచ్చినప్పుడు వాళ్ల దగ్గరకు పోయి కూర్చోండి.

చివరి ఐదు నిమిషాలకు నోట్సు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్క ఇవ్వండి. పేరు, ఒకే ఒక్క లెక్క. ఇది ఐదింటికి నాలుగు కొలవడానికి కాదు, ఎక్కడ తప్పారో చూడటానికి. మార్కులు వేయవద్దు, ఎర్ర పెన్నుతో దిద్దవద్దు. 1/3 + 1/4 ఇచ్చారనుకోండి. 40 చీటీలను కుప్పలుగా వేయడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. 7/12 ఒక కుప్ప. 2/7 రాసినవాళ్లు లవాలు లవాలకు, హారాలు హారాలకు కూడేశారు. వాళ్లకు భిన్నం అంటే ఒక్క సంఖ్య అన్న భావమే ఇంకా కుదరలేదు. మళ్లీ పట్టీలు తీయాలి, రెండు ముక్కలు కలిపితే 2/7 వస్తుందా అని పక్కపక్కన పెట్టి చూపాలి. 2/12 రాసినవాళ్లది వేరే సంగతి. ఉమ్మడి హారం పట్టుకున్నారు, లవాన్ని మార్చడం మరిచారు. వాళ్లకు పట్టీలు అక్కర్లేదు, సమాన భిన్నాల మెట్టు ఒక పావుగంట మళ్లీ చేయిస్తే చాలు. ఇద్దరికీ కలిపి "భిన్నాలు రావు" అని రాసుకుని అందరికీ అదే పాఠం మళ్లీ చెబితే ఎవరికీ న్యాయం జరగదు. తరగతిలో నాలుగింట మూడొంతుల మంది మొదటి కుప్పలో ఉంటే మరునాడు ముందుకు పోవచ్చు, మిగిలినవాళ్లకు పది నిమిషాలు విడిగా కేటాయించుకుని. అంతకు తక్కువైతే ఆగాల్సిందే, సిలబస్ వెనకబడ్డా సరే. ప్రతి పీరియడ్‌కూ చీటీలు కుదరవు. ఆరు పీరియడ్లు చెప్పే టీచరు రోజుకు ఒక తరగతిని ఎంచుకుంటే వారానికి అన్నీ వస్తాయి.

చీటీ మీద లెక్కే ఉండాలని లేదు. రాతలెక్కల రోజు ఇలా అడగండి: పత్తికొండ మార్కెట్లో రెండున్నర కిలోల ఎర్రగడ్డలు, కిలోముప్పావు టమోటాలు కొన్నారు, సంచి బరువెంత? లెక్క చేయవద్దు, కూడాలో తీసేయాలో చెప్పి ఎందుకో ఒక వాక్యం రాయండి. ఆ రోజు లక్ష్యం నిర్ణయించడం కాబట్టి నాలుగుంపావు అన్న జవాబు మనకు అక్కర్లేదు.

భాష, కలిసి కూర్చునే తరగతులు

ఇంగ్లిష్ మీడియం తరగతిలో ఒక ప్రశ్న ముందే తేల్చుకోవాలి: సంగతి కొలుస్తున్నామా, ఇంగ్లిష్ కొలుస్తున్నామా? పాఠ్యపుస్తకం ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్‌గా ఉన్నా, లక్ష్యంలో ఆ మాట లేకపోతే సంగతి తెలిసిన పిల్లలు ఇంగ్లిష్ వాక్యం రాక ఖాళీ కాగితం ఇస్తారు. "తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ" అని లక్ష్యంలో రాయండి. ఇంగ్లిష్‌లో రావాల్సిన నాలుగు మాటలుంటే వాటికి విడిగా ఇంకో లక్ష్యం పెట్టండి. రాయదుర్గం, మడకశిర వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, కర్నూలు, కడప టౌన్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉంటారు. వాళ్లకు బొమ్మ గీసి చూపే అవకాశం లక్ష్యంలోనే ఉంచడం మంచిది.

మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో ఉన్నచోట విషయం ఒకటే పెట్టుకుని లక్ష్యాలు వేరు చేసుకోవాలి. కొలతల పాఠమైతే మూడో తరగతి స్కేలుతో సెంటీమీటర్లలో కొలిచి రాస్తుంది, నాలుగో తరగతి సెంటీమీటర్లను మీటర్లలోకి మారుస్తుంది, ఐదో తరగతి గది చుట్టుకొలత కడుతుంది. బోర్డు మూలలో మూడు వరుసలు, ఒక్కోదాని ముందు తరగతి అంకె.

సుగ్గికి పోయి వచ్చిన పిల్లలకు

కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి పనికి, గుంటూరు మిరప చేలకు పోతాయి. పిల్లలు కొన్ని నెలలు బడికి రారు. తిరిగి వచ్చిన పిల్లలను కూర్చోబెట్టి ఏ పాఠం జరుగుతుంటే ఆ పాఠం చెప్పడం, లేదంటే మొదటి నుంచి మొదలుపెట్టడం, రెండూ జరుగుతున్నాయి. రెండూ వాళ్లకు బరువే. యూనిట్ ప్లాన్‌లో విడదీసుకున్న లక్ష్యాల వరుస ఉంటే మూడో దారి ఉంది.

భిన్నాల తొమ్మిది లక్ష్యాలు ఒక కాగితం మీద కిందకి రాసి, ఒక్కోదాని పక్కన రెండు లెక్కలు వేయండి. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని మధ్యలో ఉన్న ఐదోదాని దగ్గర మొదలుపెట్టండి. వచ్చిందంటే ఏడుకు పోండి. రాలేదంటే మూడుకు రండి. నాలుగైదు ప్రశ్నల్లో ఎక్కడ తెగిందో తెలుస్తుంది. వచ్చిన వరుసల పక్కన టిక్కు పెట్టి, తెగినచోట తేదీ వేసి, ఆ కాగితం పిల్లవాడికే ఇవ్వండి, ఒక నకలు మీ డైరీలో ఉంచుకోండి. హంగామా ఏమీ లేకుండా ఆ ఒక్క వరుస నుంచి రేపటి పని మొదలవుతుంది. హాస్టల్లో ఉండే పిల్లవాడైతే సాయంత్రం చదివించేవాళ్లకు ఆ కాగితం చూపించమనండి. ఏ వరుస దగ్గర ఆగాడో వాళ్లకు వేరే చెప్పాల్సిన అవసరం ఉండదు.